భయం వేయలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది

గత రెండు నెలల్లో నేను పది సినిమాలు చూశాను. అందులో ఆరు హారర్. ఆ ఆరింటి గురించీ అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను: "అస్సలు భయం వేయలేదు." అడగనివాళ్లకి కూడా చెప్పాను. లిఫ్టులో ఎదురైన పెద్దాయనకి చెప్తే, "సంతోషం బాబూ" అని తన అంతస్తు రాకముందే దిగిపోయాడు. అయినా కొందరు నమ్మడం లేదు. ముఖ్యంగా మా ఇంట్లోవాళ్లు. అందుకని ఈ విషయాన్ని రాతపూర్వకంగా నమోదు చేయడం ఒక బాధ్యత గల ప్రేక్షకుడిగా నా విధి అనిపించింది.

ముందు హారర్ కాని నాలుగింటినీ తేల్చేస్తాను. మొదటిది మూడు గంటల కుటుంబ కథ. బాగా నెమ్మది. పైగా నేపథ్యంలో అదేపనిగా ఏదో గరగరమని చప్పుడు. "అది మీ గురకండీ" అంది మా ఆవిడ. కావచ్చు. ప్రేక్షకుడి చేత గురక పెట్టించిన పాపం దర్శకుడిదే. రెండోది ప్రేమకథ. టైము లేక ఒకటిన్నర రెట్ల స్పీడులో చూశాను. వాళ్లిద్దరూ మరీ తొందరపడి ప్రేమించేసుకున్నారు. మూడోది మిస్టరీ. హంతకుడెవరో పది నిమిషాల్లో కనిపెట్టేశాను. ఆ తర్వాత ఇంకో నలుగుర్ని కూడా కనిపెట్టాను. మొత్తం ఐదుగురిలో ఒకడు నిజంగానే హంతకుడు. నాలుగో సినిమా పేరు గుర్తు లేదు కానీ బాగుంది.

ఇక అసలు సంగతికొద్దాం.

కామెడీ చూసి నవ్వు రాలేదంటే తప్పు సినిమాది. విషాదం చూసి ఏడుపు రాలేదంటే తప్పు మనది, రాతిగుండె అంటారు. హారర్ చూసి భయం వేయలేదంటే మాత్రం అది విజయం. సినిమా ఓడింది, మనం గెలిచాం. డబ్బులిచ్చి మరీ దర్శకుడితో కుస్తీకి దిగే సౌకర్యం ఇంకే రకం సినిమాలోనూ లేదు. అందుకే హారర్ చూసొచ్చినవాణ్ణి కథ ఎలా ఉంది, నటన ఎలా ఉంది అని ఎవరూ అడగరు. "భయపడ్డావా?" అని అడుగుతారు. దానికి ఇన్నేళ్లలో "ఆఁ, బాగా భయపడ్డాను" అని నిలబడి చెప్పిన మగాణ్ణి నేను చూడలేదు. మా ఆవిడ చెప్తుంది. చెప్పేసి, అటు తిరిగి, హాయిగా నిద్రపోతుంది. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నాకు భయం వేయకపోవడానికి ఒక పద్ధతి ఉంది. సినిమా పెట్టే ముందు దాని గురించి దొరికిందల్లా చదివేస్తాను. కథేంటి, చివరికి ఏమవుతుంది, ఎవరు ఎప్పుడు పోతారు, రక్తం దేంతో చేశారు, అన్నీ. మా అమ్మాయి దీన్ని స్పాయిలర్స్ అంటుంది. నేను పరిశోధన అంటాను. ఇంత చదివాక కూడా "కథ ముందే ఊహించగలిగాను" అని నేను చేసే విమర్శలో లోపం ఏమీ లేదు. ఊహించగలిగాను, అంతే. ఎలా అన్నది నా సొంత విషయం.

మొదలుపెట్టింది 1960 నాటి 'సైకో'తో. స్నానాల గదిలో హత్య తెర మీద ముప్పావు నిమిషం ఉంటుంది. తీయడానికి వారం పట్టింది. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడారు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని, పక్కన పెట్టుకుని, రాత్రి పదకొండింటికి ధైర్యంగా కూర్చున్నాను. కర్టెన్ వెనక నీడ కనపడగానే "చాక్లెట్, చాక్లెట్" అని మనసులో జపించడం మొదలుపెట్టాను. మనసులోనే అనుకున్నాను మరి, పక్క గదిలోంచి మా ఆవిడ "ఈ వేళప్పుడు చాక్లెట్ ఏంటండీ, షుగర్ టెస్టుకి వెళ్లాలి కదా" అంది. ఆ తర్వాత మూడు రోజులు స్నానాల గది తలుపు ఓరగా తీసి ఉంచాను. దానికి కారణం తేమ.

ఆ సన్నివేశానికి అసలు సంగీతమే వద్దనుకున్నాడట దర్శకుడు హిచ్‌కాక్. సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట వినకుండా వయొలిన్లతో కీచుకీచుమనిపించి తెచ్చాడు. అది విన్నాక హిచ్‌కాకే మనసు మార్చుకున్నాడు. ఇది చదివాక నాకు జ్ఞానోదయమైంది. భయం ఉండేది కళ్లలో కాదు, చెవుల్లో. అందుకని రెండో సినిమాకి సౌండ్ పూర్తిగా తీసేశాను.

ఆ రెండోది 1978 నాటి 'హాలోవీన్'. హంతకుడి ముఖానికి ఉండేది నిజానికి 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కర్క్ మాస్కు. చేతిలో డబ్బు తక్కువ, దొరికినదాన్ని తెచ్చి తెల్లరంగు పూసి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. అంతరిక్ష నౌక నడిపే పెద్దమనిషి వంటింటి కత్తి పట్టుకుని తిరుగుతుంటే భయమెందుకు వేస్తుంది? సంగీతం దర్శకుడు జాన్ కార్పెంటరే చేసుకున్నాడు. చాలా గొప్పగా చెప్తారు. నేను సౌండ్ పెట్టలేదు కాబట్టి నిష్పక్షపాతంగా చెప్పగలను, సంగీతం ఎక్కడా కథకి అడ్డు రాలేదు.

చిక్కల్లా సబ్‌టైటిల్స్‌తో వచ్చింది. సౌండ్ లేకపోతే మాటలు తెలియవు కాబట్టి అవి పెట్టక తప్పలేదు. వినికిడి లేనివాళ్ల కోసం చేసిన సబ్‌టైటిల్స్ మాటలతో ఆగవని నాకేం తెలుసు! "తలుపు కిర్రుమంది" అని రాస్తాయి. "ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు" అని రాస్తాయి. మామూలు ప్రేక్షకుడికి ఆ ఊపిరి వినపడీ వినపడకుండా పోతుంది. నాకు మాత్రం బ్రాకెట్లలో, తెల్లటి అక్షరాల్లో, ఎవరి ఊపిరో చెప్పకుండా అచ్చుగుద్ది చూపించారు. గదిలో ఊపిరి తీసేది నేనొక్కణ్ణే అని రెండుసార్లు బిగబట్టి చూసి నిర్ధారించుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే ఘోరం, ఒకచోట "నిశ్శబ్దం" అని వేశారు. ఆ ముక్క ఎవరు అడిగారు వాళ్లని?

మూడోసారి జాగ్రత్తపడి బాగా పాతది ఎంచుకున్నాను. 1942 నాటి 'క్యాట్ పీపుల్'. ఎనభై ఏళ్లు దాటిన సినిమా, అందులో దయ్యాలకి కూడా ఓపిక ఉండదని నమ్మి సౌండ్ పెట్టుకునే చూశాను. రాత్రిపూట ఒకమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక అడుగుల చప్పుడు వస్తూ వస్తూ ఆగిపోతుంది. ఆమె వెనక్కి చూస్తుంది, నడక పరుగవుతుంది, ఇక మీద పడుతుందనుకున్న క్షణంలో బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది... బస్సు. మామూలు సిటీ బస్సు. ఉత్త చప్పుడుతో ఉలిక్కిపడేలా చేసే ఈ చిట్కాని నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద 'ల్యూటన్ బస్' అంటారు, ఇప్పటికీ వాడుతున్నారు. అంటే నేను సోఫా మీంచి కింద పడింది దయ్యాన్ని చూసి కాదు, ప్రజా రవాణాని చూసి. దీన్ని హారర్ ఖాతాలో వేయడం అన్యాయం.

'జాస్' గురించి ఎక్కువ చెప్పను. 1975 నాటి ఈ సినిమా తీసేటప్పుడు యంత్రపు షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించడంతో, దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే సినిమాలో చాలా భాగం లాగించాడు. నీళ్లు చూపిస్తాడు, సంగీతం వినిపిస్తాడు, మిగతాది మనల్నే అనుకోమంటాడు. అనుకునే పని ప్రేక్షకుడికి అప్పగించడం నాకు నచ్చలేదు. నేను సినిమా చూసేదే ఏమీ అనుకోకుండా ఉండటానికి. ఆ షార్క్‌కి దర్శకుడి లాయరు పేరు మీద బ్రూస్ అని ముద్దుపేరు పెట్టుకున్నారట. అది లాయరు అనుకుంటే భయం తగ్గుతుందని ఆశపడ్డాను. పెరిగింది.

ఐదోది 1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్'. దీనికి పూర్తి ఏర్పాట్లు చేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం, కిటికీలన్నీ బార్లా తెరిచి, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు. నటుల ఊపిరి పొగలా కనపడాలని దయ్యం పట్టిన అమ్మాయి పడకగది సెట్‌ని కోల్డ్ స్టోరేజీలా చల్లబరిచారని, ఆ అమ్మాయి కక్కింది బఠానీ సూప్ అని చదివి పెట్టుకున్నాను. వాళ్లు వణికింది చలికి. నేను వణికిందీ చలికే. మా గదిలో ఏసీ పనిచేయడం లేదన్నది వేరే సంగతి. వెలుతురు నేరుగా టీవీ మీద పడి సగం సినిమా కనపడలేదు కాబట్టి ఫోటోగ్రఫీ బాగా లేదని చెప్పక తప్పదు. ఒక్క షాట్ మాత్రం అద్భుతం. తెర చీకటైపోయింది. ఆ చీకట్లోంచి కళ్లు వెళ్లబెట్టుకుని, నోరు తెరుచుకుని, జుట్టు నిక్కబొడుచుకున్న ముఖం ఒకటి మెల్లగా తేలింది. గావుకేక పెట్టాను. మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, తెర వంకా నా వంకా చూసి, "నాన్నా, అది నువ్వే" అంది.

అయినా సరే, మొత్తం సినిమాలో నన్ను కదిలించిన నటన అదే.

ఇక మిగిలింది 1999 నాటి 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'. ముగ్గురు అడవిలోకి వెళ్లి మాయమయ్యారని, దొరికిన వీడియోలే ఈ సినిమా అని అప్పట్లో ప్రచారం చేశారు. ఆ నటులు నిజంగానే కనపడకుండా పోయారని నమ్మినవాళ్లూ ఉన్నారు. కెమెరా ఆ నటులే పట్టుకుని తీశారు, అందుకే అంత ఊగుతుంది. చాలామందికి కళ్లు తిరిగాయి. నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. నాకంటే ఎక్కువ వణుకుతున్నవాడు ఇంకొకడున్నాడంటే ఆ ధైర్యమే వేరు. పైగా చివరిదాకా మంత్రగత్తె తెర మీదికి రాదు. ఇలాంటి మర్యాద గల దయ్యాలు ఈ రోజుల్లో అరుదు.

ఇంత తొందరపడి తీర్పులు ఇవ్వచ్చా అని కొందరికి సందేహం రావచ్చు. పెద్దలు నడిచిన దారే ఇది. చెత్త సినిమాలకి ఇచ్చే 'ర్యాజీ' అవార్డులు 1980 నాటి సినిమాలతో మొదలైనప్పుడు, ఇప్పుడు గొప్ప హారర్‌గా చెప్పుకునే 'ది షైనింగ్' తీసిన స్టాన్లీ కూబ్రిక్‌ని ఆ ఏటి చెత్త దర్శకుల జాబితాలో చేర్చారు. నటి షెల్లీ డువాల్‌ని కూడా చేర్చి, ఆవిడ నామినేషన్‌ని మాత్రం 2022లో వెనక్కి తీసుకున్నారు. నలభై ఏళ్ల పైమాట! నేనైతే సాయంత్రం ఇచ్చిన తీర్పుని రాత్రి లైట్లు ఆర్పేలోపే మార్చుకుంటున్నాను.

లైట్లంటే గుర్తొచ్చింది. నక్షత్రాల రేటింగు మీద నాకు నమ్మకం పోయింది. నోటితో ఇచ్చేది కదా, ఎవడైనా ఎన్నైనా ఇస్తాడు. అందుకని హారర్‌కి బల్బుల రేటింగు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. సినిమా చూసిన రాత్రి ఇంట్లో ఎన్ని బల్బులు తెల్లవార్లూ వెలిగాయో అన్ని. ఇందులో మొహమాటానికి తావు లేదు, మీటరే సాక్షి. ఆ లెక్కన 'సైకో'కి నాలుగు, బస్సుకి రెండు, 'జాస్'కి ఒకటి, అదీ బాత్‌రూములో, బకెట్ పక్కన. మధ్యాహ్నం చూసిన 'ఎక్సార్సిస్ట్'కి ఐదూ, వరండాలోది కలిపితే ఆరు. ఈ నెల కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని "భయం వేయలేదన్నారుగా?" అంది మా ఆవిడ. వేయలేదు. బల్బులు వేశాను.

ఈ ఆదివారం కొత్త హారర్ సినిమాకి వెళ్దామని మా అమ్మాయి అప్పుడే టికెట్లు తీసేసింది. థియేటర్లో. అక్కడ స్విచ్ మన చేతిలో ఉండదు. సౌండ్ తీయమంటే తీయరు. సీట్లు కూడా మధ్య వరసలోవి, నా పక్కన ఇంకా ఎవరూ తీసుకోని ఖాళీ సీటు ఉంది. ఆ సినిమా గురించి చదువుదామంటే ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆదివారం తర్వాత ఎవరూ ఫోన్ చేసి అడగొద్దు: కథ ముందే ఊహించగలిగాను, సంగీతం ఫర్వాలేదు, అస్సలు భయం వేయలేదు.