డ్రాకులా కోటలో అర్మడిల్లో

తెలుగువాళ్ళ సమయం వృథా కాకుండా కాపాడటానికి యూట్యూబ్‌లో మూవీ ఎక్స్‌ప్లెయినర్ అనే ఒక గొంతు అవతరించింది. దానికి ముఖం ఉండదు, ఊరుండదు, మధ్యలో ఊపిరి పీల్చుకునే అలవాటు అసలే ఉండదు. "హాయ్ ఫ్రెండ్స్, మూవీ స్టార్టింగ్‌లో మనకి ఒక కోటని చూపిస్తారు. ఆ కోటలోకి ఒక వ్యక్తి వస్తాడు" అని మొదలుపెడుతుంది. ఆ వ్యక్తికి పేరుండదు. హీరోయిన్ ఒక అమ్మాయి, విలన్ ఇంకో వ్యక్తి, దెయ్యం ఒక ఆకారం. కట్ చేస్తే ఆకారం వ్యక్తిని చంపేస్తుంది. కట్ చేస్తే అమ్మాయి ఏడుస్తుంది. కట్ చేస్తే "ఇంతటితో మూవీ ఎండ్ అవుతుంది, నచ్చితే లైక్ చేయండి." గంటంపావు సినిమా తొమ్మిది నిమిషాల్లో ఖతం. మన పెద్దలు రామాయణాన్ని కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు ముక్కల్లో తేల్చింది సరదాకి. ఈ గొంతు ఆ సరదాని నిజమనుకుని, వృత్తిగా పెట్టుకుని, కొట్టెకీ తెచ్చెకీ మధ్య ఒక రమ్మీ యాప్ ప్రకటన కూడా ఇరికించింది.

ఎవరి పొట్టకూటి విద్య వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు. కొరియా థ్రిల్లర్లు ఎక్స్‌ప్లెయిన్ చేసుకోనివ్వండి, స్పానిష్ బ్యాంకు దొంగతనాలు ఎక్స్‌ప్లెయిన్ చేసుకోనివ్వండి. కానీ ఈమధ్య అది పాత బ్లాక్ అండ్ వైట్ దెయ్యం సినిమాల మీద పడింది. అడిగే దిక్కులేనివి కదా. పేచీ అక్కడొచ్చింది. ఎందుకంటే పాత దెయ్యం సినిమా మధ్యలో దూరి మాట్లాడటమనే ఉద్యోగం కొత్తది కాదు. అమెరికాలో, టీవీలో ఆ పని చేసేవాళ్ళని హోస్టులంటారు, దానికి డెబ్బై ఏళ్ళ వంశవృక్షం ఉంది. ఆ వంశంలో ఎవరూ ఇంత సమర్థంగా పనిచేయలేదు. వాళ్ళ అసమర్థతను పాఠకుల దృష్టికి తేవడం నా బాధ్యత.

1954లో లాస్ ఏంజెలెస్‌లో మైలా నుర్మి అనే ఆవిడ వాంపైరా అని పేరు పెట్టుకుని, పిడికిట్లో పట్టేంత నడుముతో, పొగమంచులోంచి కెమెరా దగ్గరికి నడిచొచ్చి, గుండెలదిరేలా ఒక కేక పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా నవ్వి, అలా అరిస్తే తనకి ప్రాణం హాయిగా ఉంటుందని చెప్పేది. ఆ తర్వాతే సినిమా. ఎక్స్‌ప్లెయినర్ లెక్కలో ఇది శుద్ధ దండగ. కథకి ఏమాత్రం పనికిరాని కేక అది.

1957లో స్క్రీన్ జెమ్స్ కంపెనీ యూనివర్సల్ వాళ్ళ పాత సినిమాలు 52 కలిపి 'షాక్' అని ఒక మూట కట్టి ఊరూరి టీవీ స్టేషన్లకి అమ్మింది. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ, అన్నీ అందులోవే. అప్పటికే పాతికేళ్ళ పాతవి. వాటికి భయపడే వయసు జనానికి దాటిపోయింది. పైగా రాత్రి పొద్దుపోయాక వేసే సినిమా, మధ్యలో ప్రకటనలు. జనం నిద్రపోకుండా ఎవరో ఒకరు కూర్చోపెట్టాలి. స్టేషన్లో అప్పుడు ఖాళీగా ఎవరుంటారు? వాతావరణం చెప్పేవాడు, ప్రకటనలు చదివేవాడు. వాడికే ఒక నల్లకోటు తొడిగి, కళ్ళ కింద మసి పూసి, శవపేటికలో పడుకోబెట్టారు. కోటు కూడా కొత్తది కొనలేదు. ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ వేసుకున్నది, అంతకుముందు అదే స్టేషన్ కౌబాయ్ సీరియల్లో ఆయన కాటికాపరి వేషానికి వాడిన కోటే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదివిన మనిషి, రెండో ప్రపంచ యుద్ధం చూసొచ్చిన మనిషి, ఆ కోటు వేసుకుని కాలీఫ్లవర్‌కి మెదడు ఆపరేషన్ చేసేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది. సినిమా నడుస్తుండగా మధ్యలో తన ముఖం అతికించి, హీరో తలుపు తీస్తే అవతల తను నిలబడేవాడు.

క్లీవ్‌లండ్‌లో 1963లో మొదలైన గూలార్డీ ఇంకా ఘోరం. అసలు పేరు ఎర్నీ ఆండర్సన్. పెట్టుడు మేకగడ్డం. తను వేస్తున్న సినిమా ఎంత దరిద్రమో తనే చెప్పి, టీవీ కట్టేసి పడుకోండని ప్రేక్షకులకి సలహా ఇచ్చేవాడు. జనం పంపించిన బొమ్మకార్లని స్టూడియోలోనే టపాకాయలు పెట్టి పేల్చేవాడు. పక్కనున్న పార్మా అనే పేట జనం తెల్లసాక్సులు వేసుకుంటారని వారం వారం ఏడిపించేవాడు. పార్మా జనం మొదట ఉడుక్కున్నారు. చూడటం మాత్రం మానలేదు. పక్క ఊరి మీద జోకు లేని ఊరు మన జిల్లాల్లో ఎక్కడుంది? ఆ జోకు టీవీలోంచి వస్తే కడుపు నిండిపోదూ?

అమెరికా సంగతి మనకెందుకని మీరనొచ్చు. మా బాబాయి చికాగో దగ్గర అరోరాలో కొడుకు ఇంట్లో ఉంటున్నారు. కరెంటు ఆఫీసులో ఏఈగా రిటైరయిన మనిషి. శనివారం పొద్దున్నే అరోరా బాలాజీ గుడి, పులిహోర ప్రసాదం. సాయంత్రం ఏడు కొట్టేసరికి మీటీవీ (MeTV) అనే అమెరికన్ చానల్లో స్వెంగూలీ అనే హోస్టు. 1995 నుంచి ఆ వేషం రిచ్ కోజ్‌ది. కాలేజీ రోజుల్లో అంతకుముందు స్వెంగూలీగా చేసిన జెర్రీ బిషప్‌కి ఉత్తరాల్లో జోకులు రాసి పంపినవాడు, చివరికి ఆ శవపేటికకే వారసుడయ్యాడు. 2011 నుంచి దేశమంతా చూస్తోంది. ముఖానికి పుర్రె రంగు, నెత్తిన టోపీ. ఒక కుళ్ళు జోకు వేస్తాడు, తెర పక్కనుంచి రబ్బరు కోళ్ళు వచ్చి తగులుతాయి. ఇంకో కుళ్ళు జోకు, ఇంకో కోళ్ళవాన.

"గుడికెళ్ళొచ్చి ఈ శవపేటికేమిటండీ" అని పిన్ని విసుక్కుంటుంది. "బాబాయ్, మీకు ఆ ఇంగ్లీషు అర్థమవుతుందా?" అని ఫోన్లో అడిగాను. "సగం అర్థం కాదురా. కోడి తగిలినప్పుడు మాత్రం పూర్తిగా అర్థమవుతుంది" అన్నారు. స్వెంగూలీ మీద వచ్చిన సమీక్షలన్నీ కలిపినా ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇప్పుడు అసలు కేసు. 1931 డ్రాకులా. టాడ్ బ్రౌనింగ్ తీసింది, బేలా లుగోసీ నటించింది. ట్రాన్సిల్వేనియాలో పాడుబడ్డ కోట, నేలమాళిగలో శవపేటికలు, వాటి మూతలు మెల్లగా లేస్తుంటాయి. అప్పుడు ఆ రాళ్ళ మధ్యలోంచి ఒక అర్మడిల్లో నడిచివస్తుంది. చూడ్డానికి మన అలుగులా ఉంటుంది, ఒళ్ళంతా డొప్పలు. ఈ జంతువు ఉత్తర, దక్షిణ అమెరికాల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పుట్టదు. అది రుమేనియా కొండల్లో డ్రాకులా ఇంట్లో తిరుగుతోంది. ఆ పక్కనే ఒక పురుగు తన సైజుకి చేయించుకున్న బుల్లి శవపేటికలోంచి బయటికొస్తుంది.

మనవాళ్ళు స్లాట్ కోసం ఎన్ని తిప్పలు పడుతున్నారో, వీసాబాలాజీ చిలుకూరులో ఎన్ని ప్రదక్షిణలు చేస్తున్నారో మనకు తెలుసు. ఈ అర్మడిల్లో మాత్రం టెక్సాస్ వైపునుంచి అట్లాంటిక్ దాటి ఎదురు వలస పోయింది. దీనికి వీసా ఎవరు స్టాంప్ చేశారు? డ్రాకులా స్పాన్సర్ చేశాడనుకుంటే, ఏ కేటగిరీలో? స్పెషాలిటీ ఆక్యుపేషన్ కిందేనా? స్థానికంగా అర్హత ఉన్న జంతువు దొరకలేదని కౌంట్ గారు ప్రకటన ఇచ్చి నిరూపించారా? ట్రాన్సిల్వేనియా ఎలుకలు, నిరుద్యోగంలో ఉన్నవి, దీనిమీద ఏమీ అనలేదా? సరే, వచ్చింది. జీతం ఎంత, రాత్రి షిఫ్టుకి అలవెన్సు ఉందా? యజమాని పగలంతా శవపేటికలో పడుకుంటే లీవ్ అప్రూవల్ ఎవరిస్తారు? మూడు పెళ్ళాలున్న ఇంట్లో అది ఎవరి మాట వినాలి? రెన్‌ఫీల్డ్ అనే అతిథి లండన్‌లో ఇంటి కాగితాలు పట్టుకుని వస్తే, కౌంట్ గారు లండన్‌కి మారిపోతున్నారని దానికి ఎవరైనా చెప్పారా, లేక ఓడెక్కే రోజున తెలిసిందా?

నేను ఇది రాత్రంతా చెప్పగలను. హోస్టు అనేవాడు ఎవడైనా చెప్పగలడు. వాడి బతుకంతా ఆ అర్మడిల్లో మీద ఆధారపడి ఉంది. ఎక్స్‌ప్లెయినర్ వీడియోలో అది ఉండదు. వెతికాను, లేదు. కథకి పనికిరాదు కదా, కట్ చేసేశాడు.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. రావణుడి సభ మంచి రసపట్టులో ఉండగా కేతిగాడు దూరతాడు, బంగారక్క దూరుతుంది, పిల్లల్ని పక్కకి పంపాల్సిన జోకు ఒకటి పేలుతుంది, నిద్రలో జోగుతున్నవాళ్ళు లేచి కూర్చుంటారు. మళ్ళీ రావణుడు. కేతిగాడు రామాయణాన్ని తగ్గించడు, రాత్రంతా సాగదీస్తాడు. వాంపైరా నుంచి స్వెంగూలీ దాకా అందరూ ఆ కేతిగాడి కులమే. ప్రకటనల కోసం స్టేషన్లు సినిమాకి కత్తెర వేసిన మాట నిజమే, హోస్టులు అంతా పుణ్యాత్ములని నేననను. కానీ మనతోపాటు కూర్చుని ఆ సినిమా చివరిదాకా చూశారు.

ఈ వంశం అంతరించిందని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. జులై 2018లో షడర్ అనే స్ట్రీమింగ్ వాళ్ళు జో బాబ్ బ్రిగ్స్ అనే పాత హోస్టుని కుర్చీలో కూర్చోబెట్టి వరసగా 13 సినిమాలు వేశారు. చూడటానికి జనం ఎగబడేసరికి సర్వర్లు మొరాయించాయి. సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి. జనం ఎగబడింది మధ్యలో వాగే మనిషి కోసం.

ఇంక నవ్వులాట చాలు. ఈ వ్యాసం రాయడానికి కారణమైన వీడియో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' మీద చేసింది. 1968లో పిట్స్‌బర్గ్ దగ్గర జార్జ్ రొమేరో, స్నేహితులు చందాలేసుకుని తీసిన సినిమా. ఆ ఊరి దెయ్యం సినిమాల హోస్టు బిల్ కార్డిల్, జనమంతా చిల్లీ బిల్లీ అని పిలుచుకునేవాడు, అందులో విలేకరిగా కనిపిస్తాడు. పంపిణీదారు సినిమా పేరు మార్చినప్పుడు తెరమీద కాపీరైటు ముక్క పెట్టడం మరిచిపోయాడు. ఆ ఒక్క ముక్క వల్ల సినిమా ఎవరు పడితే వాళ్ళు వాడుకునేదైపోయింది. తీసినవాళ్ళ చేతికి రావలసిన డబ్బు దారినపోయినవాళ్ళ పాలైంది.

అందులో హీరో బెన్. నటుడు డ్వేన్ జోన్స్, నల్లజాతి మనిషి. రాత్రంతా ఒక పొలంలోని ఇంట్లో తలుపులకి చెక్కలు కొట్టి, బయట శవాలతో, లోపల పిరికివాళ్ళతో పోరాడి, ఒక్కడే మిగులుతాడు. తెల్లారుతుంది. తుపాకుల చప్పుడు వింటాడు, సాయం వచ్చిందనుకుంటాడు, మెల్లగా కిటికీ దగ్గరికొస్తాడు. తెల్లవాళ్ళ గుంపు ఒకటి, షెరీఫ్‌తో సహా, అతన్ని చూస్తుంది. నుదుటి మీద కాలుస్తారు. ఆ తర్వాత టైటిల్స్ పడుతుండగా కదలని ఫోటోలు, మసకమసగ్గా, పేపర్లో అచ్చయిన ఫోటోల్లా. కొక్కేలు పట్టుకున్న చేతులు. అతని శవం. చితి. రొమేరో వాళ్ళు సినిమా ప్రింటుని కారు డిక్కీలో వేసుకుని న్యూయార్క్ వెళ్తుంటే, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారని రేడియోలో విన్నారు.

ఆ గొంతు ఏమందో తెలుసా? "కట్ చేస్తే ఆ వ్యక్తిని కూడా జాంబీ అనుకుని పొరపాటున షూట్ చేసేస్తారు. ఇంతటితో మూవీ ఎండ్ అవుతుంది."

పొరపాటునట. ఆ వ్యక్తట. పేరు చెప్పడానికి నోరు రాలేదా? ఫోటోలు చూపించడానికి ఆ పదిసెకన్లు ఎక్కువైపోయాయా? పక్కన రమ్మీ ప్రకటన పూర్తిగా నడిచింది, దాన్ని మాత్రం ఒక్క సెకను కట్ చేయలేదు. ఒరే నాయనా, నీకు చూడటం చేతకాకపోతే మానెయ్, చూసేవాళ్ళకి అడ్డు లే. ఎంత వెకిలి హోస్టైనా, కాలీఫ్లవర్ కోసినవాడైనా, టపాకాయలు పేల్చినవాడైనా, ఆ కిటికీ దగ్గర కోడి విసరడు. ఎక్కడ కోడి విసరాలో తెలియాలంటే ముందు సినిమా చూడాలి. ఆ వీడియో కింద వందల కామెంట్లు, "సూపర్ బ్రో, రెండు గంటలు సేవ్ అయింది" అని. ఆ రెండు గంటలు పెట్టి ఏం చేశారో ఒక్కరైనా చెబితే వినాలనుంది.

కాబట్టి తెలుగు చానళ్ళ యాజమాన్యాలకి నాదొక అర్జీ. అర్ధరాత్రి మీరు ఎలాగూ విఠలాచార్య సినిమాలే వేస్తున్నారు. అస్థిపంజరాలు నాట్యం చేస్తుంటాయి, వాటి దారాలు కనిపిస్తుంటాయి, కాంతారావు గారు కత్తి తిప్పుతుంటారు. డేట్ల దగ్గర పేచీ పెట్టిన హీరోని ఆ జానపద బ్రహ్మ చిలకగానో మేకగానో మార్చి మిగతా షూటింగ్ పూర్తి చేసేవారని ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా ఆ మేక తెరమీదికి రాగానే సినిమా ఆపి ఈ ముక్క చెప్పడానికి ఒక మనిషిని పెట్టండి. ఖర్చేమీ లేదు. నైట్ షిఫ్టులో న్యూస్ డెస్కు దగ్గర ఆవలిస్తున్న కుర్రాడున్నాడు, మేకప్ రూములో మాంత్రికుడి గడ్డం ఉంది. శవపేటిక మనవాళ్ళకి అశుభం అంటారా, నులకమంచం వేయండి. జోకులు నేను రాసిస్తాను, డబ్బుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రబ్బరు కోళ్ళు బాబాయి తెస్తానన్నారు. సూట్‌కేసుకి 23 కిలోలేనట, అందుకని మొదటి విడతలో డజనే వస్తాయి. పచ్చళ్ళు తగ్గించుకోవాల్సి వస్తోందని పిన్ని అలిగింది.