గండికోటకు అరిజోనా రంగు ఎందుకు?

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో కెమెరా పట్టినవారికి వారాంతపు మజిలీలు దాదాపు ఖరారైపోయాయి. చీకటితోనే బయలుదేరితే సూర్యోదయానికి నంది కొండ, రెండు రోజులు సెలవు కలిసొస్తే గండికోట. ఆదివారం రాత్రికల్లా ఆ ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌కు చేరతాయి. వాటిని వరసగా చూసుకుంటూ పోతే నంది కొండ మీది పొగమంచు స్కాట్లాండ్‌ను, గండికోట దగ్గరి పెన్నా లోయ గ్రాండ్ కెన్యన్ ఉన్న అమెరికాలోని అరిజోనాను, కబ్బన్ పార్కులో గులాబీ రంగు పూలు పూసిన టబెబూయా చెట్లు జపాన్‌ను తలపిస్తుంటాయి. ఎడిటింగ్‌లో ఎన్ని ప్రయోగాలు చేసినా నాకు అభ్యంతరం లేదు. ప్రతి చోటునూ మరో చోటులా మార్చేసి, దానికి సృజన అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ.

ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపాలి, కంప్యూటర్‌లో చెయ్యి పెడితే అది మోసమే అనేవారి వాదన కూడా నిలవదు. 1850లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా బెంగళూరు కేంద్రంగా పనిచేసిన లిన్నేయస్ ట్రైప్, తన కాగితపు నెగటివ్‌ల మీద రంగు పూసి ఆకాశంలో మేఘాలు దిద్దాడు. ఆనాటి నెగటివ్‌లు నీలం కాంతికి అతిగా స్పందించడంతో నేల సరిగ్గా పడేసరికి ఆకాశం ప్రింటులో తెల్లకాగితంలా మిగిలిపోయేది. అదే కాలంలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికొక నెగటివ్, ఆకాశానికొక నెగటివ్ వాడి రెండింటినీ ఒకే ప్రింటులో కలిపాడు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోను తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ మళ్లీ ప్రింటు చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లబరిచాడు. మేఘాలు దిద్దడం మన ఊరి ఫొటోగ్రఫీకి దాదాపు 170 ఏళ్ల నాటి అలవాటన్నమాట.

అయితే వాళ్లు నెగటివ్ పట్టుకోలేకపోయిన దాన్ని పూరించుకున్నారు. ఇప్పటి కెమెరాల్లో కాంతిని పట్టే సెన్సర్‌కు ఆ లోటు చాలావరకు తీరింది. మామూలుగా వాడే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటే, సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాచి ఉంచే 14 బిట్ల ‘రా’ (RAW) ఫైలులో 16,384 ఉంటాయి. నీడలో మునిగిన కొండవాలు, వెలుగులో కరిగిపోయిందనుకున్న మేఘపు అంచు అందులో చాలాసార్లు భద్రంగానే ఉంటాయి. అంత సమాచారం చేతిలో పెట్టుకుని, 2020లో ఫొటోషాప్‌లోకి వచ్చిన స్కై రీప్లేస్‌మెంట్ నొక్కి ఎక్కడిదో ఆకాశాన్ని తగిలించడం నా దృష్టిలో ప్రయోగం కాదు, బద్ధకం.

నంది కొండనే తీసుకుందాం. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున నిలబడి చూస్తుంటే, ఎండ ఇంకా సోకని పొగమంచుకు పైనున్న ఆకాశపు కాంతి మాత్రమే అందుతుంది కనుక అది నీలంగా ఉంటుంది. ఎండ తగిలిన పైఅంచు మాత్రం పసిమి తేలుతుంది. ఈ రెండు రంగుల పొత్తు కొద్ది నిమిషాలే. కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ రెండింటినీ సగటు చేసి రెంటినీ చంపేస్తుంది. ఇంటికొచ్చాక చాలామంది ముందుగా కుడివైపుకు లాగేది డీహేజ్ స్లైడర్‌ను. మంచును తొలగించడమే దాని పని గనుక, మనం ఏ మంచు కోసం నిద్ర మానుకుని వెళ్లామో అది కాస్తా సిమెంటు ముద్దలా గట్టిపడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు సరిపోయే 5500 కెల్విన్ దగ్గర నిలిపి, మార్పు లోయ వరకే పరిమితమయ్యేలా మాస్క్ గీసి డీహేజ్‌ను ఎడమవైపుకు, అంటే మైనస్‌లోకి జరిపి, వెలుగు పడిన అంచులను మాత్రం విడిగా ఎంచుకుని కాస్త వెచ్చబరిచి, ముందున్న బండను నల్లబరిచి చూడండి. కంటికి కనబడిన దానికన్నా ఎక్కువ కలగా ఉండే ఫొటో వస్తుంది, అందులోని ప్రతి రంగూ ఆ ఉదయానిదే.

అరువు ఆకాశం గుట్టు నీటి దగ్గర బయటపడుతుంది. బెంగళూరులోని హలసూరు చెరువు మీద ఎర్రటి సాయంత్రాన్ని అతికించినవారు నీటిలోని పాత బూడిద రంగును మరిచిపోతారు. గుర్తుపెట్టుకున్నవారు కొత్త ఆకాశాన్ని తలకిందులు చేసి పరిచేస్తారు గానీ, నీటిలోని ఆకాశం పైనున్న ఆకాశం కన్నా సాధారణంగా కాస్త ముదురుగా ఉంటుందన్నది పట్టించుకోరు. ఒడ్డున చెట్ల నీడలు చెప్పే సూర్యుడి దిక్కు ఒకటి, అతికించిన ఆకాశంలో సూర్యుడున్న దిక్కు మరొకటి. టబెబూయా సంగతి ఇంకా సులువు: ఆ లేత గులాబీని మెజెంటా చేయబోతే చెట్టు కింద నిలబడ్డవారి పెదవులూ బుగ్గలూ కూడా అదే రంగుకు తిరుగుతాయి.

గండికోటది వేరే కథ. ‘ఇండియన్ గ్రాండ్ కెన్యన్’ అనే బిరుదు తగిలించాక, ఆ బిరుదుకు తగ్గట్టు రాయిని నారింజకు, పెన్నా నీటిని నీలిపచ్చకు ఒక్క నొక్కుతో మార్చే ప్రీసెట్‌లు (ముందే సిద్ధం చేసిపెట్టిన ఎడిటింగ్ సెట్టింగులు) బయలుదేరాయి. వాటి కింద లోయలోని ముళ్లపొదల పచ్చదనం గోధుమరంగులో కలిసిపోతుంది. రాయలసీమ ఎండలో పొదలు ఎంత మొండిగా బతుకుతాయో చెప్పగలిగిన ఒకే ఒక్క రంగు ఆ పచ్చే. దానికన్నా నలుపు తెలుపులోకి వెళ్లి, ఎరుపు ఛానెల్ (ఎర్రటి రంగుల వెలుగు) పెంచి రాతి పొరలను తెల్లబరచి, ఆకాశాన్ని నలుపులో ముంచేయడం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌కు మార్పించిన కెమెరా ఉంటే పొదలన్నీ వెండిలా తెల్లగా వస్తాయి. అది కంటికి కనబడని కాంతి, అయినా అక్కడున్న కాంతే. పైగా ఆ ఫొటో చూసి గండికోట అలాగే ఉంటుందని ఎవరూ భ్రమపడరు.

పోటీలకు పంపేవారికి ఈ చర్చ నిబంధనల రూపంలో ఎదురవుతుంది. 2012లో బ్రిటన్‌లో ‘ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ విజేత ఫొటోలో మేఘాలు చేర్చినట్టు తేలడంతో అతణ్ని అనర్హుడిగా ప్రకటించారు. నిబంధనలు లేని చోట, ముఖ్యంగా హోమ్‌స్టేలు, ట్రావెల్ పేజీలు వాడే ఫొటోల్లో, చూసినవాళ్లు డబ్బు కట్టి బయలుదేరతారు. అలాంటివాటి కింద ‘రెండు ఫొటోలు కలిపినది’ అనో ‘ఆకాశం మార్చినది’ అనో ఒక వరస రాయాలి. తన గోడ మీద వేలాడదీసుకునే ఫొటోకు ఆ వరస అవసరం లేదు. అక్కడ గండికోట మీద మూడు చందమామలు పెట్టుకున్నా అడిగేవారు ఉండరు.