పక్కవాళ్ల గొంతు వినడం ఎవరు నేర్పుతారు?

ఏ బడికైనా పొద్దున్నే ప్రార్థన వేళకి వెళ్లి నిలబడండి. జనగణమన 52 సెకన్లలో అయిపోవాలి, కానీ ముందు వరుస ముగించేసరికి వెనక వరుస ఇంకా రెండు మాటల దూరంలో ఉంటుంది. పిల్లలకి గొంతు లేక కాదు, కలిసి పాడటం ఎవరూ నేర్పక.

బాలు మా వాడని మా నెల్లూరు, ఒంగోలు వైపు గర్వంగా చెప్పుకుంటాం. నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకి 2020లో ఆయన పేరు పెట్టారు కూడా. ఆయన 'పాడుతా తీయగా'లో మార్కుల కన్నా ముందు పిల్లల ఉచ్చారణ దిద్దేవారు. మనం ఆ దిద్దడం మర్చిపోయి కప్పు ఎవరికొచ్చిందో గుర్తుపెట్టుకున్నాం.

సింగరాయకొండ దగ్గర మా ఊరి చర్చిలో నవంబరు వస్తే క్వయర్, అంటే బృందగానం, ప్రాక్టీసు మొదలయ్యేది. మాస్టారు హార్మోనియం మీద ఒక్క స్వరం పట్టి, నోరు తెరవకుండా ఆ స్వరాన్నే గొంతులో పలికిస్తూ ఉండమనేవారు, పదేసి నిమిషాలు. ఎవరైనా గొంతు పెంచితే ఆపేసి, "నీ పక్కన ఎవరు ఏం పాడుతున్నారో చెప్పు" అనేవారు. నాది ఆల్టో, అంటే నాలుగు వరసలుగా పాడే పాటలో ఆడవాళ్ల, పిల్లల గొంతులకిచ్చే కింది వరస. ఆ వరస ఒక్కటే పాడితే పాటలాగే ఉండదు, ఇంట్లో పాడితే అమ్మ నవ్వేది, కానీ నాలుగు గొంతులూ కలిసినప్పుడు ఒళ్లు జలదరించేది.

ఒకరోజు ఆయన తొమ్మిదో తరగతి అమ్మాయిని ముందు నిలబెట్టి తాళం నువ్వే చూపించమని, తను వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. టెన్షన్‌తో ఆమె చెయ్యి తొందరపడింది, పాట పరుగెత్తింది, అయినా ఆయన లేవలేదు. మూడోసారికి కుదిరింది. నా దృష్టిలో నాయకత్వమంటే అదే. చిత్తూరులో పుట్టిన సినీ సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి రకరకాల భాషల పాటలు పాడించారు. 1988లో ఆయన పోయాక కూడా ఆ బృందం పాడుతూనే ఉంది.

పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. నేను టెన్త్‌కి రాగానే మా బడివాళ్లు మాత్రం, స్టడీ అవర్ ఉంది, పాటలకి పోవద్దన్నారు. ఆ కోపం నాకింకా పోలేదు. చాలా ప్రభుత్వ బడుల్లో ఈరోజుకీ సంగీతం టీచరు ఉండరు. అందుకని ఊరుకోవాలా? భజన మందిరంలో తాళం పట్టే పెద్దాయన, చర్చి క్వయర్ నడిపే అక్క దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారానికి ఒక్క పీరియడ్ వాళ్లకిచ్చి, ఆసక్తి ఉన్న ఒక టీచరును పక్కన కూర్చోబెడితే చాలు. ఆ పీరియడ్‌కి మార్కులు మాత్రం పెట్టొద్దు.

మొన్న డిసెంబరులో ఊరెళ్లాను. ఇప్పుడు క్వయర్ నడిపేది ఆ అమ్మాయే. ముందు నిలబడి తాళం చూపిస్తున్నది ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు, ఆమె ఆఖరి బెంచీలో ఉంది.