పది బల్లులు, రెండు తలపులు

మా ఊరి ప్రాథమిక పాఠశాల కమిటీకి నేను ఛైర్మన్ని. ఎలా అయ్యానంటే, టీ చెప్పడానికి వెళ్లి అయ్యాను.

2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఒకే రోజు పాఠశాల యాజమాన్య కమిటీల ఎన్నికలు పెట్టారు కదా, ఆ రోజు మాటది. తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే ఎన్నిక చెల్లదని హెడ్మాస్టరు గారు పొద్దున్నుంచీ ఫోన్లు కొడుతూనే ఉన్నారు. ఎలాగో జనం పోగయ్యారు. తరగతికి ముగ్గురు చొప్పున ఐదు తరగతులకీ పదిహేను మందిని ఎన్నుకున్నాం. ఇక ఆ పదిహేను మందిలోంచి ఛైర్మన్ తేలాలి. అందరూ కిటికీలోంచి చింతచెట్టు వంక చూస్తున్నారు. ఇది ఇప్పట్లో తెమిలేలా లేదని నేను బయటికెళ్లి టీలు చెప్పి వచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి చప్పట్లు. ఎవరికో అనుకుని నేనూ కొట్టాను.

నాకు ఎరువుల కొట్టుంది. చేతిరాత బాగుంటుందని ఊళ్లో పేరు. శుభలేఖల మీద పేర్లు నాచేతే రాయిస్తారు, తహశీల్దారాఫీసుకి అర్జీలూ నేనే రాస్తాను. "మీ అక్షరాలు ముత్యాలండీ, రికార్డు చూడముచ్చటగా ఉంటుంది" అన్నారు హెడ్మాస్టరు గారు. ఛైర్మన్ అంటే ఏం చెయ్యాలని అడిగితే, "ఏముందండీ, నెలకో మీటింగు, మీటింగుకో సంతకం" అన్నారు.

ఆ మాట మా ఇంట్లో కొత్త కాదు. 1998 చట్టంతో విద్యా కమిటీలు వచ్చినప్పుడు మా నాన్న అందులో మెంబరు. మీటింగులో ఏం జరిగిందని అమ్మ అడిగితే "మిక్చరు పెట్టారు" అనేవాడు.

ఏడాది పైగా నేనూ అదే పద్ధతిలో లాక్కొచ్చాను. రిజిస్టర్లో "పై విషయములను కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని ముందే రాసి ఉంటుంది. కింద ముత్యాల్లాంటి సంతకం, పక్కన హోదా. మధ్యలో డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగు అని పెద్ద పండగే చేశారు. తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగుడు. నేను తాడు లాగి మూడు రోజులు నడుం పట్టుకుని తిరిగాను. తల్లిదండ్రుల భాగస్వామ్యం అంటే ఇదే కాబోలు, దీనికి అయొడెక్స్ చాలు అనుకున్నాను.

ఆ మరుసటి ఏడాది డిసెంబర్లో హెడ్మాస్టరు గారు కొట్టుకే వచ్చారు. యూరియా బస్తా మీద కూర్చుని ఒక ఫైలు తీశారు. "ఛైర్మన్ గారూ, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. విద్యాహక్కు చట్టం 22వ సెక్షను. ఇది రాయాల్సింది బడి కాదు, కమిటీ."

నిజమేనట. మూడేళ్లకి ఒక ప్లాను, అందులో ఏడాదికొక ఉపప్లాను. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారవ్వాలి. ఏ తరగతికి ఎందరు పిల్లలొస్తారు, ఎందరు టీచర్లు కావాలి, గదులు, బల్లలు, నీళ్లు, దానికి డబ్బెంత, అన్నీ అందులోనే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకి ఆ కాగితమే ఆధారం. "మరి పోయినసారి ఎవరు రాశారు?" అన్నాను. ఆయన ఫైలు సర్దుకుంటూ "పోయినసారిది అంతకుముందు సారిది" అన్నారు.

మూడేళ్ల తర్వాత ఒకటో తరగతిలో ఎందరు చేరతారన్నది అన్నిటికన్నా గడ్డు లెక్క. అంగన్వాడీ టీచర్ని వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగాం. మూడేళ్లవాళ్లని మన ఖాతాలో వేసుకుని ముందుకెళ్తే, ఆ ఇంటి ముందే ప్రైవేటు స్కూలు పచ్చ బస్సు ఆగి ఉంటుంది. కొట్టేయడం. పక్క ఇంట్లో కొత్త దంపతులు. హెడ్మాస్టరు గారు పెన్ను తీశారు గానీ నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. బడి మొత్తం మీద పిల్లలు అరవై దాటితే మూడో టీచరు వస్తారని ఆయన ఆశ. ఎంత లాగినా యాభై ఏడు దగ్గర ఆగింది.

సాపు చేసే పని నాకిచ్చారు. ఇక్కడ నా రాత గురించి ఒక రహస్యం చెప్పాలి. అక్షరాల ఒళ్లు మాత్రం గబగబా రాసుకుపోయి, గుడులూ కొమ్ములూ తర్వాత తీరిగ్గా తగిలించడం నా అలవాటు. పెళ్లికి ముగ్గులేసే ఆడవాళ్లు ముందు చుక్కలు పెట్టుకుంటారే, అలాగన్నమాట. ఆ రాత్రి చుక్కలన్నీ పెట్టాక, సరిగ్గా కొమ్ములు మొదలెట్టే వేళకి కరెంటు పోయింది. సెల్లు టార్చి దవడ కింద నొక్కిపెట్టి కానిచ్చాను. పక్కగదిలోంచి మా ఆవిడ, "గోడకి సున్నం వేయించమంటే గొడవ అంటారు, ఆ బడి గోడ మీదున్న శ్రద్ధ ఈ గోడ మీద ఉంటే ఈ గొడవే లేదు" అంటోంది. చెవిలో పడింది చేతిలోకి దిగుతుందని నాకేం తెలుసు?

మర్నాడు కాపీ చుట్టూ తిరిగింది. "చదివి, సరియని నిర్ధారించి సంతకము చేయడమైనది" అన్న వాక్యం కింద పదిహేను మందీ చేవ్రాళ్లు చేశారు. అందరికన్నా పైన కన్వీనరుగా హెడ్మాస్టరు గారి సంతకం. రాత చూసినవాళ్లందరూ "అబ్బ!" అన్నారు. అంతకు మించి ఎవరూ లోపలికి దిగలేదు.

సమీక్షకి మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారు వచ్చారు. కొత్త మనిషి. పాతవాళ్లయితే ఫైలు తిరగేసి, వేరుశనగ చిక్కీ రుచి చూసి వెళ్లేవారు. ఈయన కళ్లద్దాలు తుడుచుకుని, "కమిటీ రాసిన ప్లాను కమిటీ ముందే చదువుదాం" అన్నారు. నేను సభకి నమస్కారం పెట్టి, పొగడ్త అందుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"నాలుగు, ఐదు తరగతులకు పది బల్లులు అవసరం."

ఆయన ఆగారు. తలెత్తి ట్యూబులైటు వంక చూశారు. అక్కడ ఒకటి ఉండనే ఉంది. గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఎన్నున్నాయండీ?" అన్నారు.

హెడ్మాస్టరు గారి చెవిలో బల్లలే పడ్డాయి. చేతులు కట్టుకుని, "ఏడు సార్. అందులో మూడింటికి కాళ్లు విరిగాయి" అన్నారు.

"విరిగాయా?"

"అవును సార్. తాడుతో కట్టాం. ఒక్కోదాని మీద నలుగురు పిల్లలు కూర్చుంటున్నారు."

"బల్లి మీద?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎంఈఓ గారు కాగితం తిప్పి నా ముందు పెట్టారు. పొందికగా, గుండ్రంగా, 'ల్ల' కి అందమైన కొమ్ము. ఆ కొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో మరుక్షణమే తెలిసింది.

"బాలికల మరుగుదొడ్లకు రెండు తలపులు బిగించవలెను."

తలుపుల్లోంచి ఊడిపోయిన కొమ్మే బల్లలకి పోయి తగులుకుంది. "మరుగుదొడ్డికి తలపులు బిగించడమెందుకండీ, అక్కడ కూర్చుంటే వాటంతటవే వస్తాయి" అన్నారు ఎంఈఓ గారు. ఇక ఆపడం ఎవరి తరం? అంగన్వాడీ టీచరు కొంగు నోట్లో కుక్కుకుంది. ట్యూబులైటు మీద బల్లి కూడా అటు జరిగిపోయింది.

నవ్వనిది ఒక్కరే, మా వైస్ ఛైర్మన్. ఉపాధి హామీ పనిలో మేటు. ఎండలో వందమందికి కొలతలు చెప్పే గొంతు. "సార్, రాత సంగతి ఉంచండి. ఆ దొడ్లకి నిజంగానే తలుపుల్లేవు. మేకుకి సంచి కట్టారు. ఒకపిల్ల లోపలికెళ్తే ఇంకోపిల్ల బయట నిలబడి గాలికి లేవకుండా సంచి పట్టుకోవాలి. మా అమ్మాయి బళ్లో మంచినీళ్లు తాగడం మానేసింది" అంది.

అందరం లేచి వెళ్లి చూశాం. ఇనుప చట్రానికి తుప్పు, కింద సగం తలుపు చిల్లులు పడి రాలిపోయి ఉంది. దాని స్థానంలో మేకుకి వేలాడుతున్న సంచి మీద ఎండకి వెలిసిపోయిన అక్షరాలు: యూరియా, 45 కిలోలు. ఊళ్లో ఎరువుల కొట్టు ఒక్కటే. "పిల్లలకి బళ్లో ఏదో పనికట, రెండు ఖాళీ సంచులివ్వు" అని ఎవరో అడిగితే ఇచ్చినట్టు లీలగా గుర్తొచ్చింది. దేనికని అడగలేదు. ఛైర్మన్ హోదాలో బడికి నేను చేసిన సాయం అప్పటికి అదొక్కటే, అదీ ఒక కొస తెగి ఊగుతోంది.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన మూడోది చదివారు. చదవకుండా ఉండాల్సింది.

"ఉత్తరం వైపు ప్రహరీ గొడవ మరో ముప్పై మీటర్లు పొడిగించవలెను."

ఉత్తరం వైపు ఒకాయన గడ్డివాముంది. అది బడి స్థలమా ఆయన స్థలమా అన్నది మా చిన్నప్పటినుంచీ నలుగుతున్న విషయం. ఆయన కోడలు మా కమిటీ మెంబరే. "అదిగో! కాగితంలోనే పెట్టేశారు! మాతో గొడవ పెంచాలని తీర్మానం చేసి, దానికి నాచేతే సంతకం పెట్టించారు!" అని లేచింది. గోడమ్మా గోడ అంటే వినదే. అవతలివాళ్లూ లేచారు. గడ్డివాము దగ్గర మొదలై ఎప్పటిదో కాలవ గట్టు తగువు దాకా వెళ్లింది. ఎంఈఓ గారు గడియారం చూసుకుని, "పొడిగింపు పనులు మొదలైనట్టున్నాయి" అన్నారు.

సద్దుమణిగాక ఒక్కటే అడిగారు. "సంతకాలకి ముందు దీన్ని చదివిందెవరు?"

హెడ్మాస్టరు గారు నా వంక చూశారు. నేను చింతచెట్టు వంక చూశాను. చివరికి వైస్ ఛైర్మనే అంది, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు సార్. చదవడం ఎక్కడినుంచో ఎవరూ చూపించలేదు."

మీటింగు ఫొటో వాట్సాప్ గ్రూపులో పడింది. అందరూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు, నేను తప్ప. కింద "చురుగ్గా పాల్గొన్న తల్లిదండ్రులు" అని రాశారు. ఎవరో దానికి బల్లి బొమ్మ పెట్టారు. అప్పటినుంచి కొట్టుకొచ్చే రైతులు కూడా "బల్లుల ఛైర్మన్ గారూ, డీఏపీ వచ్చిందా?" అంటున్నారు. హెడ్మాస్టరు గారు అంతటితో ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఇంటికొస్తూనే, "నాన్నా, ఇవాళ నీ పాఠం చెప్పారు" అంది. నోట్సులో ఎడంవైపు తలుపు, బల్ల, గోడ. కుడివైపు తలపు, బల్లి, గొడవ. కింద సొంతవాక్యాలు రాయమన్నారట. "మా నాన్నకు తలపులు లేవు" అని రాసింది. దానికి రైటు పెట్టి ఉంది.

వారం తిరక్కుండా ప్లాను మళ్లీ రాశాం. ఈసారి ఒక్కో అంశం రాసేముందు అందరం లేచి వెళ్లి ఆ వస్తువు దగ్గర నిలబడ్డాం. బల్లలు మేటమ్మ లెక్కబెట్టింది, గోడ టేపుతో కొలిచింది. ముప్పై కాదు, ఇరవై రెండు మీటర్లే. తలుపులు మాత్రం గ్రాంటు దాకా ఆగలేదు. వడ్రంగి ఒకాయన కూతురు రెండో తరగతి, ఆయన చేస్తానన్నాడు, కర్ర డబ్బు నేనిచ్చాను. ఆ సంచులు నేనే విప్పి ఇంటికి తెచ్చేసుకున్నాను.

సంతకాల ముందు తప్పులు చూడమని హెడ్మాస్టరు గారు ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టారు. అందులో మా అమ్మాయి ఒకత్తె. పెన్సిలు చెవిలో దోపుకుని, వేలు పెట్టి వరసవరసా చదివింది. తప్పు లేదంది. నేను గుండెల నిండా గాలి పీల్చుకుని, సంతకం చేసి, పక్కన హోదా రాసి రిజిస్టరు ముందుకి తోశాను.

"నాన్నా," అంది వేలు అక్కడే ఉంచి, "అద్యక్షుడు అని రాశావు. 'ద' కి ఒత్తేది?"

గది నిశ్శబ్దమైపోయింది. వైస్ ఛైర్మన్ రిజిస్టరు తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిప్పడం మొదలెట్టింది. నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు...

నేను లేచి టీలు చెప్పి రావడానికి బయల్దేరాను.