క్యారెట్‌కు రుచి ఎందుకండీ?

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఇంట్లో క్యారెట్ పండించే వాళ్లకు వ్యతిరేకంగా రాస్తున్న వ్యాసం. వాళ్ల మీద నాకు సొంత కక్షలేమీ లేవు. కాకపోతే దుకాణంలో నున్నగా, నిటారుగా, ఒకే కొలతకు పేర్చిన క్యారెట్లు కొనుక్కుని, వాటికేదో రుచి ఉందని మనల్ని మనం నమ్మించుకుని హాయిగా బతుకుతున్న మన మధ్యకు వచ్చి "అసలు క్యారెట్ ఇది కాదండీ, ఒక్కసారి నాంటెస్ అనే తియ్యటి రకం వేసి చూడండి" అని వీళ్లు మొదలుపెట్టిన ప్రచారం వల్ల ఎన్ని ఇళ్లలో మనశ్శాంతి పోయిందో ఎవరైనా లెక్క తీశారా? తీయలేదు. అందుకే నేను పూనుకున్నాను.

మొదట చరిత్ర సంగతి. వెయ్యేళ్ల కిందట ఇప్పటి అఫ్ఘానిస్తాన్, ఇరాన్ వైపు పండించిన క్యారెట్లు ఊదా రంగులోనూ పసుపు రంగులోనూ ఉండేవి. అవి యూరప్ చేరాక, 16, 17 శతాబ్దాల్లో నెదర్లాండ్స్‌లో నారింజ రంగువి కుదురుకున్నాయి. అక్కడి ఆరెంజ్ రాజవంశం మీద భక్తితో రైతులు క్యారెట్ రంగే మార్చేశారని ఒక కథ తిరుగుతుంటుంది. దానికి ఆధారమేమీ లేదు గానీ, ఆ కథ కూడా రంగు గురించే తప్ప రుచి గురించి కాదని గమనించాలి. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చీకట్లో జర్మన్ విమానాల్ని కూల్చేస్తున్న జాన్ కన్నింగ్‌హామ్ లాంటి బ్రిటిష్ పైలట్లు క్యారెట్లు తెగ తింటారని, అందుకే రాత్రిపూట వాళ్లకు అంత బాగా కనిపిస్తుందని ప్రచారం చేశారు. నిజానికి కనిపెట్టింది కళ్లు కాదు, విమానంలో బిగించిన రాడార్. విటమిన్ ఎ లోపంతో రేచీకటి వచ్చినవాళ్లకు క్యారెట్ మేలు చేస్తుంది, అది నిజమే, కానీ బాగున్న కళ్లను పిల్లికళ్లు చెయ్యదు. చెప్పొచ్చేదేమిటంటే, ఇన్ని వందల ఏళ్లూ క్యారెట్‌ను రంగు చూసి మెచ్చుకున్నారు, కళ్లకు మంచిదని మింగారు. రుచేదని నిలదీసినవాడు ఒక్కడు లేడు. మందుకు రుచి అడుగుతామా ఎక్కడైనా?

ఈ సత్యాన్ని బాగా అర్థం చేసుకున్న రకం ఇంపరేటర్. పేరులోనే చక్రవర్తి ఉన్నాడు. దాదాపు 25 సెంటీమీటర్ల పొడవు, పైన భుజాలు, కిందికి పోయేకొద్దీ సన్నం. యంత్రం పీకినా ఊరుకుంటుంది, కడిగి లారీలో పోసినా విరగదు, వారాల తరబడి చల్లటి గదిలో పడి ఉన్నా కిక్కురుమనదు. ఇన్ని సద్గుణాలున్న దాన్ని పట్టుకుని తియ్యగా కూడా ఉండమనడం అత్యాశ కాదూ? పైగా ఈ రకం తయారుచేసిన లోకం ఎంత తెలివైనదంటే, క్యాలిఫోర్నియాలో మైక్ యురోసెక్ అనే రైతు 1986లో వంకరపోయి, విరిగి ఎవరూ కొనని పెద్ద క్యారెట్లను ముక్కలు కోసి, చెక్కి, నున్నగా గుండ్రం చేసి 'బేబీ క్యారెట్లు'గా అమ్మాడు, జనం ఎగబడి కొన్నారు. ముదిరిన దాన్ని చెక్కి పసిపాప అని చెప్తే నమ్మిన మనకు నాంటెస్ దేనికి?

అయినా వినరు. ఫ్రాన్స్‌లో నాంట్ అనే ఊరి పేరు పెట్టుకున్న ఈ నాంటెస్ రకాలే నా ఫిర్యాదులో మొదటి ముద్దాయి. 15 నుంచి 18 సెంటీమీటర్లు, పైనుంచి కిందిదాకా ఒకే లావు, చివర తోక ఉండదు, గుండ్రంగా మొద్దుగా ఆగిపోతుంది. మధ్యలో ఉండే గట్టి భాగం చాలా సన్నం, కొరికితే పటుక్కున విరుగుతుంది. ఆ విరగడమే దాని నేరం: పీకేటప్పుడు విరుగుతుంది, రవాణాలో విరుగుతుంది, అందుకే పెద్ద కమతాల వాళ్లలో చాలామంది దాని జోలికి పోకుండా గట్టి రకాలు వేసుకుంటారు. అంటే అర్థం కాలేదా? నాలుగడుగుల దూరం మోసుకొచ్చి వంటింట్లో పెట్టే వాడికి తప్ప ఈ రకం పనికిరాదు. ఇంటి తోట వాళ్లు సరిగ్గా ఆ లొసుగే పట్టుకున్నారు. స్కార్లెట్ నాంటెస్ అని పాత రకం ఒకటుంది. హైబ్రిడ్లలో మోకుమ్ తొందరగా వస్తుంది, తీపి ఎక్కువ. బొలేరో ఆకుమచ్చ తెగుళ్లను కాస్త తట్టుకుంటుంది, నిల్వకూ ఆగుతుంది, పైగా నిల్వలో ఉన్నా రుచి పోదంటారు. ఇలాంటి వాళ్లతో ఎలా వేగాలి?

రుచి అంటే తీపేగా, ఓ చెంచా చక్కెర చల్లుకుంటే సరిపోదా అని నేను ఒకాయనను నిలదీశాను. ఆయన క్లాసు పీకాడు. క్యారెట్‌లో చక్కెరలతో పాటు టెర్పీన్లని వాసన నూనెలుంటాయట, పైన్ చెట్టు జిగురులో ఉండే బాపతు. క్యారెట్‌కు క్యారెట్ వాసన వచ్చేది వాటి వల్లే. అవి మరీ తక్కువైతే తియ్యటి నీళ్లు నమిలినట్టుంటుంది, ఎక్కువైతే పెయింట్‌లో కలిపే టర్పెంటైన్ నాకినట్టుంటుంది, లోపల చక్కెర ఎంతున్నా నాలుకకు తెలియనివ్వవు. మంచి రకమంటే తీపి ఎక్కువున్నది కాదు, ఈ రెండూ సరిగ్గా తూగినది. నాకు అర్థం కానట్టు మొహం పెట్టాను. అర్థమైంది, అదే బాధ.

మిగతా ముద్దాయిల సంగతి తొందరగా తేల్చేస్తాను. శాంటనే పొట్టిది, భుజాలు వెడల్పు, బంకమట్టి లాంటి బరువు నేలలో కూడా సర్దుకుపోతుంది, లేతగా పీకితే మంచి రుచి, పెద్దదవ్వాలని ఆశపడి వదిలేస్తే మధ్యలో పుల్లలా గట్టిపడుతుంది. డాన్వర్స్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో అదే పేరున్న ఊరిది, 19వ శతాబ్దం నాటిది, గట్టి నేలకు భయపడదు, ఘాటు కాస్త ఎక్కువ కాబట్టి పచ్చిగా కన్నా వండితే బాగుంటుంది. జపాన్ వాళ్ల కురోడా వేడికి తట్టుకునే రకం. పారిస్ మార్కెట్ అని గోళీలా గుండ్రంగా ఉండేది ఒకటుంది, లోతు లేని కుండీలో కూడా వస్తుంది, తొక్క తీయడం మొదలుపెడితే మాత్రం తినడానికి మిగిలేది తక్కువ.

రంగుల క్యారెట్ల దగ్గర నేను తటస్థంగా ఉండలేను. ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే. ప్యాకెట్ మీద బొమ్మ చూసి కాస్మిక్ పర్పుల్ వేశాను, మూడు నెలలు సేవ చేశాను, పీకి కడిగితే నిగనిగలాడుతూ ఊదా రంగు, ఇంటిల్లిపాదినీ పిలిచి మధ్యకు కోశాను. లోపలంతా మామూలు నారింజ రంగు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఉడికిస్తే ఆ పైరంగులో సగం నీళ్లలోకి దిగిపోయింది. క్యారెట్‌లో ఉండే రంగు పదార్థాల్లో ఊదా ఆంథోసయనిన్లది, ఎరుపు లైకోపీన్‌ది, పసుపు ల్యూటిన్‌ది. ఇవన్నీ చూపుకు సంబరమే గానీ రంగును బట్టి రుచి చెప్పేయలేం. ఎరుపు రకం అటామిక్ రెడ్ పచ్చిగా కన్నా వండితేనే బాగుంటుంది. తెల్ల క్యారెట్లు ఒకప్పుడు గుర్రాలకు మేతగా పెంచినవి, గుర్రాలు ఫిర్యాదు చేసిన దాఖలాల్లేవు.

అయినా ఏ ప్యాకెట్ మీదైనా "ఇది చప్పగా ఉంటుంది" అని రాసి ఉండగా చూశారా? అన్నీ తియ్యనివే, అన్నీ కరకరలాడేవే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. రకం పేరు పక్కన నాంటెస్ తరహానా, శాంటనే తరహానా, ఎన్ని రోజులకు వస్తుంది, ఎంత పొడవు దిగుతుంది అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. పొరపాటున కూడా అది చదవకండి. చదివితే సరైన రకం తెచ్చేసుకునే ప్రమాదం ఉంది.

ఒకవేళ ఇంట్లోవాళ్లు వినకుండా మంచి రకమే తెచ్చారనుకోండి, కంగారు పడక్కర్లేదు. చప్పటి క్యారెట్ పండించడానికి ఇంకా బోలెడు దారులున్నాయి. గడ్డ ఊరే సమయానికి మంచి ఎండలు పడేలా విత్తండి. వేడిలో పెరిగితే ఆ టర్పెంటైన్ వాసన పెరిగి చేదెక్కుతుంది, చలి తగిలితే మాత్రం క్యారెట్ చక్కెర కూడబెట్టుకుంటుంది, కాబట్టి చలిని దగ్గరకు రానివ్వొద్దు. మాగని పశువుల ఎరువు దండిగా వెయ్యండి, ఆకులు అడవిలా పెరుగుతాయి, కింద గడ్డ రెండు కాళ్లు మూడు కాళ్లు వేసుకుని కూర్చుంటుంది. రాళ్లుంటే అలాగే ఉండనివ్వండి. విత్తనాలు ఎంత చిన్నవంటే గ్రాముకు 600 నుంచి 800 దాకా తూగుతాయి, గుప్పెడు తీసుకుని ఒకేచోట పొయ్యండి. మొలక రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ లోపల పై మట్టి ఒక్కపూట ఎండినా చాలు, పని అయిపోతుంది. తడి ఆరకుండా పైన గోనెపట్టా కప్పేవాళ్లూ ఉన్నారు, మొలక కనపడగానే తీసేస్తారు, అలాంటి వాళ్లతో స్నేహం చెయ్యకండి. మొలిచాక ఒత్తుగా ఉన్నవి తీసేసి మొక్కకు మొక్కకు మధ్య ఓ ఐదు సెంటీమీటర్లు ఉంచాలంటారు. నాలుగాకులు వేసిన పసి మొక్కను పీకాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది, ఆ జాలితో వదిలేస్తే చివరకు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు గడ్డకు బదులు దారాలు వస్తాయి. నేలమీదకు తేలిన భుజాలకు మట్టి ఎగదోయకండి, ఎండ తగిలి పచ్చబడి చేదెక్కుతాయి. ఇవన్నీ దాటుకుని కూడా ఏదైనా తియ్యటి క్యారెట్ ఇంట్లోకి వచ్చేస్తే చివరి అస్త్రం ఫ్రిజ్. యాపిల్స్ పక్కన పెట్టెయ్యండి. మాగే యాపిల్ వదిలే ఇథిలీన్ గాలికి క్యారెట్ చేదైపోతుంది. మా ఇంట్లో ఇది ఒకసారి తెలియక జరిగింది, పది రోజుల పాటు విత్తనాల కంపెనీని తిట్టుకున్నాం.

ఇంత స్పష్టంగా రాశాక కూడా మా ఆవిడ ఈ ఏడాది మేడ మీద లోతైన గ్రో బ్యాగుల్లో ఇసుక కలిపిన మట్టి నింపి నాంటెస్సే వేసింది. చలి మొదలయ్యాక గానీ ఎవరూ ముట్టుకోకూడదని ఆంక్ష కూడా పెట్టింది. నేను సిద్ధాంతపరంగా వ్యతిరేకిని కాబట్టి అటువైపే పోలేదని అందరికీ చెప్తున్నాను. మొన్న పొద్దున్న నీళ్లు పొయ్యడానికి వెళ్లి కిందకు దిగొచ్చి, "చివరి బ్యాగులో నాలుగు గడ్డలు లేవు" అంది.

"ఎలుకై ఉంటుంది," అన్నాను పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అయ్యుంటుంది. తిన్నాక ఆకులు తుంచి కంపోస్టు డబ్బాలో వేసి, మూత కూడా పెట్టి వెళ్లింది పాపం."