జిర్కోనియం లోహపు గాజు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జిర్కోనియం లోహపు గాజు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే స్థితిలో నేను లేను. ఈ మధ్యాహ్నం హాట్ ప్రెస్‌లో (వేడిచేస్తూ నొక్కే యంత్రంలో) మూసకు అప్పగించిన తమరి ముక్క, బుల్లి గేరుచక్రపు పళ్లలోకి సగం దాకా పారి, అక్కడే బిగుసుకుపోయింది. లోడు చూపించే అంకె ఉన్నట్టుండి పైకి ఎగబాకినప్పుడే పని చెడిందని అర్థమైంది. మూస విప్పి పట్టకారుతో తీయబోతే మూడు పళ్లు విరిగి లోపలే ఉండిపోయాయి.

తమరి వంశం నాకు తెలియనిది కాదు. 1960లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో పోల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి, పరమాణువులకు స్ఫటికాలుగా వరుసకట్టే వ్యవధి ఇవ్వకుండా, గాజులోలా చిందరవందరగా ఉండగానే బిగించి, తమరి మూలపురుషుణ్ణి పుట్టించింది. 1993లో అక్కడే పీకర్, జాన్సన్‌లు జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి తమరిని రూపొందించాక ఆ హడావుడి తగ్గి, మందపాటి కడ్డీలు పోయడం వీలైంది. పంచలోహమే, కాని పూజకు నోచుకోనిది.

చల్లగా ఉన్నప్పటి పెళుసుతనం గురించి నా ఫిర్యాదు లేదు. స్ఫటిక వరుసలే లేనప్పుడు వాటిలో జారుతూ లోహాన్ని వంగనిచ్చే డిస్లొకేషన్లూ (వరుసల్లోని లోపాలు) ఉండవు కనుక, తమరు 2 శాతం దాకా సాగి, ఆపైన భారమంతా అతి సన్నని షియర్ బ్యాండ్లలో (పదార్థం కోసుకుపోయినట్టు జారే పట్టీలలో) పోగుచేసుకుని టప్పున విరుగుతారు. కాస్త ఆక్సిజన్ తగిలితే అలగడాన్ని కూడా సహించాను.

సహించలేనిది ఆ 80 డిగ్రీల సంగతి. నిమిషానికి 20 డిగ్రీల చొప్పున వేడిచేస్తే సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమరు మెత్తబడడం మొదలుపెడతారు. వేడి పెరిగేకొద్దీ స్నిగ్ధత, అంటే పారనివ్వని చిక్కదనం, వేల రెట్లు పడిపోయి, షియర్ బ్యాండ్ల గొడవ లేకుండా ఒళ్లంతా ఒక్కటిగా పారుతుంది. 430 దరిదాపులకు రాగానే స్ఫటికాలు కట్టి బిగుసుకుపోతారు. మూస నింపుకోవడం ఈ నడుమనే జరగాలి. వేడి తగ్గిస్తే పారరు, పెంచితే స్ఫటికాలకూ తొందర పుడుతుంది, ఎందుకంటే పరమాణువులు కదలగలగడమే రెండింటికీ మూలం. అరిసెల పాకమైనా నీళ్లలో ఒక చుక్క వేస్తే ఎంత ముదిరిందో ముందే చెబుతుంది. తమరు మాత్రం అంతా అయ్యాక, ఎక్స్-రే పటంలో గాజుకు గుర్తయిన వెడల్పాటి మూపురం ఉండవలసిన చోట స్ఫటికాలకు గుర్తయిన సన్నని శిఖరాలుగా దర్శనమిస్తారు.

ఇంకా తమరేమిటి, నువ్వే! ఒకసారి స్ఫటికమయ్యాక ఊరికే చల్లార్చినంత మాత్రాన నువ్వు వెనక్కి రావు, నిన్ను మళ్లీ పూర్తిగా కరిగించి, మళ్లీ గబగబా చల్లార్చాలి. నీ ఇనుము దాయాదులను చూసైనా సిగ్గుపడు. 1988లో జపాన్‌లో యోషిజావా బృందం కాస్త రాగి, నయోబియం చేర్చి, సుమారు 550 డిగ్రీల దగ్గర ఉంచితే, అవి 10 నానోమీటర్ల పైచిలుకు స్ఫటికాలు కట్టి, అంతటితో బుద్ధిగా ఆగి, అయస్కాంత గుణంలో మరింత మెరుగయ్యాయి. నీకెందుకు ఆగడం రాదు?

నీకు మందు లేకపోలేదు. 2011లో జాన్సన్ బృందమే కెపాసిటర్లలో (విద్యుత్తును దాచే పరికరాలలో) నిలవచేసిన విద్యుత్తును ఒక్కసారిగా పంపి, మిల్లీసెకన్లలో వేడెక్కించి, స్ఫటికం కట్టేలోపే నీలాంటి వాళ్లను మూసలోకి నెట్టేసింది. అలాంటి పరికరం కోసం నేను పెట్టుకున్న ఫైలు అకౌంట్స్ సెక్షన్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర, నీకన్నా ఎక్కువ స్నిగ్ధతతో కదులుతోంది. అది మంజూరైన నాడు నీ సంగతి చూస్తాను.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి