తెర మీది అంకెలకు పూచీ ఎవరిది?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఎదురింటి పెద్దాయన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. ల్యాండ్‌లైన్ మోగగానే కళ్లజోడు సవరించుకుని తెర మీది నంబరు చూస్తారు, తెలిసినదైతేనే ఎత్తుతారు. ‘నంబరు చూశాకే మాట్లాడతాను, నాకేం భయం’ అన్నది ఆయన ధీమా. ఆ ధీమాకు తగిన పూచీని మన టెలికాం వ్యవస్థ ఇవ్వడం లేదు, ఇవ్వగలిగి కూడా ఇవ్వడం లేదు అన్నదే నా అభియోగం.

ఇంట్లోని ఫోను తనంతట తానుగా ఏదీ కనిపెట్టదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ రాగి తీగ మీద పంపిన చిన్న సందేశాన్ని చదువుతుంది, అంతే. ఒక పద్ధతిలో ఆ సందేశం మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య నిశ్శబ్దంలో, సెకనుకు 1200 బిట్ల వేగంతో, రెండు స్వరాల మార్పుగా వస్తుంది. మొదటి రింగుకే రిసీవర్ ఎత్తేస్తే నంబరు కనిపించకపోవడం అందుకే. మరో పద్ధతిలో, మీటలు నొక్కినప్పుడు వినిపించే డీటీఎంఎఫ్ స్వరాలే రింగుకు ముందుగా వస్తాయి.

మరి మన ఎక్స్ఛేంజ్‌కు ఆ నంబరు ఎవరు చెప్పారు? అసలు కిటుకు ఇక్కడే ఉంది. అవతలి ఎక్స్ఛేంజ్, సిగ్నలింగ్ సిస్టమ్ నంబర్ 7 ద్వారా, అంటే ఎక్స్ఛేంజ్‌లు కాల్ వివరాలు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిలో, చెప్పింది. ఫోన్ చేసినది మామూలు ఇంటి లైన్ నుంచైతే ఆ ఎక్స్ఛేంజ్ తన రికార్డులోని నంబరునే పంపుతుంది కాబట్టి మోసానికి తావు లేదు. కానీ పీఆర్ఐ లైన్లు (ఒకేసారి అనేక కాల్స్ నడపడానికి సంస్థలు అద్దెకు తీసుకునే డిజిటల్ లైన్లు), ఇంటర్నెట్ టెలిఫోనీ ఉన్న చోట నంబరును చెప్పేది ఫోన్ చేసే సంస్థ యంత్రమే. ఆ సంస్థకు కేటాయించిన నంబర్ల సిరీస్‌తో టెలికాం కంపెనీ సరిపోల్చి చూడకపోతే ఏ నంబరైనా ముందుకు సాగిపోతుంది. నంబరు నెట్‌వర్క్ ఇచ్చినదా, ఫోన్ చేసినవారి యంత్రం ఇచ్చినదా అని గుర్తు పెట్టడానికి ఆ సిగ్నలింగ్ సందేశంలోనే చోటు ఉంది. అంత విలువైన గుర్తు ఎక్స్ఛేంజ్ గడప దాటి మన తీగ మీదికి రాదు. నమ్మదగిన నంబరూ, నమ్మరానిదీ పెద్దాయన తెర మీద ఒకే తీరుగా వెలుగుతాయి.

అమెరికాలో పిల్లలున్న విశాఖ తల్లిదండ్రులకు ఇది కొత్త కాదు. కొడుకు అక్కడి నుంచి చౌక కాలింగ్ సర్వీసులో మాట్లాడుతుంటే ఇక్కడ తెర మీద ఎవరిదో భారతీయ మొబైల్ నంబరు కనిపిస్తుంది. ఆ కాల్‌ను దొంగదారిన దేశంలోకి దించిన సిమ్ బాక్స్‌లోని, అంటే అనేక సిమ్‌లు పెట్టి ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్‌ను స్థానిక కాల్‌గా మార్చే పెట్టెలోని, సిమ్ నంబరు అది. అంటే తెర చెప్పేది కాల్‌ను అప్పగించినవారి సంగతి. మాట్లాడుతున్నవారి సంగతి కాదు.

పాత రాగి తీగల వ్యవస్థకు ఇంతకంటే చేతకాదని, నంబరుతో పాటు పేరు కూడా చూపితే సమస్య తీరుతుందని కొందరంటారు. పేరు చూపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది కూడా. కానీ పేరును వెతికేది నంబరును బట్టే కదా! దొంగ నంబరు వేసుకుని వచ్చినవాడికి ఆ నంబరు అసలు యజమాని పేరు కూడా తోడైతే, మోసానికి మర్యాద పెరుగుతుంది.

చేతకాదన్న మాటకు జవాబు 2024 అక్టోబరులోనే దొరికింది. విదేశాల నుంచి వస్తూ +91 నంబర్లు చూపే నకిలీ కాల్స్‌ను అడ్డుకునే ఏర్పాటును టెలికాం శాఖ మొదలుపెట్టిన 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆగిపోయాయని ప్రకటించింది. దానికోసం ఏ ఇంట్లోనూ ఫోను మార్చలేదు, తీగ మార్చలేదు. తనిఖీ, విదేశీ కాల్స్ దేశంలోకి అడుగుపెట్టే గేట్‌వే దగ్గర జరిగింది. దేశం లోపల పుట్టే కాల్స్‌కు కూడా, పీఆర్ఐ లైన్ అద్దెకిచ్చిన కంపెనీ గుమ్మం దగ్గరే ఆ తనిఖీ జరగాలి.

మన ప్రజాసేవలన్నిటిలోనూ పాతుకుపోయిన జబ్బు ఒకటుంది: సేవ అందించేవాడు చేయవలసిన తనిఖీని, దాన్ని వాడుకునేవాడి అప్రమత్తత మీదకు తోసేయడం. ‘జాగ్రత్తగా ఉండండి’ అన్న ప్రకటనతో బాధ్యత తీరిపోయిందని సంస్థలు భావిస్తున్నాయి. డెబ్బై దాటిన మనిషి మోసపోతే ‘నంబరు చూసుకోలేదా’ అని అడుగుతాం. ఆయన చూసుకున్నారు. సిరీస్‌తో సరిపోల్చకుండా ఆ నంబరును లోపలికి వదిలిన కంపెనీని మాత్రం ఎవరూ అడగరు. నష్టపరిహారం మొదట రావలసింది ఆ కంపెనీ నుంచే.